పరాయి దేశంలో ముక్కూ మొహం తెలియనివాళ్ళ సాయం: విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

విదేశంలో చదువుకున్న రోజుల్లో సెలవు దొరికితే చాలు, సంచి భుజాన వేసుకుని బయల్దేరేదాన్ని. తెలియని ఇళ్ళలో పడుకున్నాను, తెలియని కార్లెక్కాను, ఒకటి రెండుసార్లు బుద్ధి తెచ్చుకున్నాను. ఇప్పుడు సెలవులు దగ్గరపడ్డాయంటే జూనియర్ల నుంచి అవే ప్రశ్నలు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పే ఓపిక అయిపోయి అన్నీ ఒకచోట రాశాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికే నేరుగా వెళ్ళండి.

## బయల్దేరే ముందు

చేతిలో డబ్బు లేకుండా, మనుషుల్నే నమ్ముకుని దేశాలు తిరగొచ్చా?

తిరిగినవాళ్ళున్నారు. నేను మాత్రం వద్దంటాను. ఎవరూ దొరక్కపోతే ఆ రాత్రికి గది, మర్నాడు తిరుగు టికెట్టు కొనుక్కునేంత డబ్బు ముట్టుకోకుండా పక్కన పెట్టుకోండి. అది ఉంటేనే నచ్చని ఇంట్లోంచి అర్ధరాత్రయినా లేచి వచ్చేయగలరు. అవతలివాళ్ళకీ అదే మేలు. ‘మీరు కాదంటే నాకు రోడ్డే గతి’ అని మీ మొహంలో కనిపిస్తుంటే వాళ్ళు మనస్ఫూర్తిగా ‘సరే’ అనలేరు, ‘కుదరదు’ అనీ అనలేరు. పైగా చాలా దేశాల సరిహద్దులో ఖర్చులకు డబ్బుందా అని అడుగుతారు. ఎవరో ఒకరు చూసుకుంటారంటే అక్కడ చెల్లదు.

ఇంట్లో ఉచితంగా ఉండనిచ్చేవాళ్ళు ఎక్కడ దొరుకుతారు?

ఇలాంటి వేదికల్లో పాతది సర్వాస్. 1949లో డెన్మార్క్‌లో బాబ్ లుయిట్‌వైలర్ అనే అమెరికన్, అక్కడి స్నేహితులు కలిసి మొదలుపెట్టారు. మళ్ళీ యుద్ధం రాకూడదంటే మనుషులు ఒకరిళ్ళకి ఒకరు వెళ్ళి రావాలన్నది వాళ్ళ ఆలోచన. చేరేముందు ఇంటర్వ్యూ ఉంటుంది కాబట్టి రేపటి ప్రయాణానికి పనికిరాదు, ముందే చూసుకోవాలి.

కౌచ్‌సర్ఫింగ్ 2004లో వచ్చింది. దాన్ని పెట్టిన కేసీ ఫెంటన్‌కి ఐస్‌లాండ్‌కి చవక టికెట్టు దొరికింది గానీ ఉండటానికి చోటు లేదు. అక్కడి యూనివర్సిటీలో 1,500 మంది విద్యార్థులకు ఈమెయిల్ పెడితే యాభైకి పైగా పిలుపులు వచ్చాయట. అంటే ఇది తెలియని విద్యార్థుల్ని చోటు అడగడంతోనే పుట్టింది. 2020 నుంచి చాలా దేశాల్లో దానికి చందా కట్టాలి. చందా ఇష్టం లేకపోతే బీవెల్కమ్, ట్రస్ట్‌రూట్స్ ఉన్నాయి, రెండూ ఉచితం. సైకిల్ మీద దూరాలు తిరిగేవాళ్ళకి వార్మ్‌షవర్స్.

నాకు మాత్రం వీటన్నిటికన్నా ఎక్కువ ఇళ్ళు క్లాసులో పక్క బెంచీ వాళ్ళ వల్ల దొరికాయి. ‘మీ ఊరి వైపు వెళ్తున్నాను, ఏం చూడొచ్చు?’ అని అడిగితే చాలాసార్లు ‘మా పిన్ని అక్కడే ఉంటుంది’ అన్న మాట వస్తుంది.

పదిమందికి మెసేజ్ పెట్టాను, ఒక్కరూ జవాబివ్వలేదు. ఏమని రాయాలి?

పదిమందికీ ఒకటే మెసేజ్ పెట్టి ఉంటారు. అది చదివినవాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది. తేదీ, ఏ రైలుకి దిగుతారు, ఎన్ని రాత్రులు అన్నవి మొదటి రెండు వాక్యాల్లో రావాలి. తర్వాత వాళ్ళ ప్రొఫైల్ నిజంగా చదివారని తెలిసే మాట ఒకటి. ఆఖర్న ఇది: ‘కుదరకపోతే ఏం పర్వాలేదు, స్టేషన్ దగ్గర హాస్టల్ ఒకటి చూసి పెట్టుకున్నాను.’ ఈ వాక్యం చేర్చాక నాకు జవాబులు పెరిగాయి. కాదనే వీలుంటే మనుషులు తేలిగ్గా ఔనంటారు. రెండు రాత్రులే అడగండి. ఐదు అడిగితే భయపడతారు, మీరు నచ్చితే మూడోది వాళ్ళే ఇస్తారు.

అమ్మావాళ్ళు ఒప్పుకోవట్లేదు. స్నేహితురాలి ఇంట్లో ఉంటున్నానని చెప్పేయనా?

చెప్పకండి. మీకేమైనా అయితే మొదట వెతికేది వాళ్ళే, తప్పుడు చిరునామా పట్టుకుని వెతుకుతారు. హోస్ట్ పేరు, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు, ప్రొఫైల్ లింకు పంపండి. ‘మీ టైం ప్రకారం ఇన్ని గంటలకల్లా నా మెసేజ్ రాకపోతే ఫోన్ చేయండి’ అని ఒక గంట ఖరారు చేసుకుని, ఆ మాట నిలబెట్టుకోండి. రెండు ప్రయాణాలు ఇలా సవ్యంగా జరిగితే మూడోదానికి వాళ్ళే మెత్తబడతారు.

ఆడపిల్లని, ఒంటరిగా వెళ్తున్నాను. నాకు ఇవన్నీ కుదిరే పనులేనా?

నేనూ ఒంటరిగానే తిరిగాను. కుదురుతాయి, కానీ మగపిల్లల కన్నా రెండింతలు చదవాలి. చదవాల్సింది హోస్ట్ రాసుకున్న గొప్పలు కాదు, అతని గురించి ఇతరులు, ముఖ్యంగా ఒంటరిగా వచ్చిన ఆడవాళ్ళు రాసిన రివ్యూలు. ముప్ఫై రివ్యూలూ ఇరవై ఏళ్ళ అమ్మాయిలవే అయితే, అవన్నీ మెచ్చుకుంటున్నా సరే, నేను ఆ ఇల్లు వదిలేసేదాన్ని. కుటుంబాలనీ, ఆడవాళ్ళనీ ముందు అడగండి. కౌచ్‌సర్ఫింగ్ ప్రొఫైల్లో పడక గురించి విడిగా రాసి ఉంటుంది: వేరే గదిలోనా, హాల్లోనా, హోస్ట్ గదిలోనేనా, హోస్ట్ మంచం మీదేనా అని. అది చూడకుండా వెళ్ళి గుమ్మంలో తెల్లబోయిన వాళ్ళు నాకు తెలుసు. మొదటిసారి బయట, పగటిపూట, నలుగురూ ఉన్నచోట కలుద్దామని అడగండి. అందుకు చిన్నబుచ్చుకునే హోస్ట్ మీకు అక్కర్లేదు.

పొలంలోనో హాస్టల్లోనో పనిచేస్తే తిండీ పడకా ఇస్తారట. స్టూడెంట్ వీసా మీద చేయొచ్చా?

1971లో ఇంగ్లండ్‌లో మొదలైన వూఫ్, తర్వాత వచ్చిన వర్కవే లాంటివి ఈ పద్ధతివే. చిక్కల్లా వీసాతోనే. జీతం చేతికి రాకపోయినా, తిండికీ గదికీ బదులుగా చేసే పనిని చాలా దేశాల్లో పనిగానే లెక్కేస్తారు. అమెరికాకి విజిటర్‌గా వెళ్ళి ఇలా చేయబోతే ఎయిర్‌పోర్టు నుంచే వెనక్కి పంపొచ్చు. ఒక షెంగెన్ దేశంలో (మధ్యలో సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న యూరప్ దేశాల్లో ఒకటి) చదువుతూ అక్కడి రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవాళ్ళు మిగతా షెంగెన్ దేశాల్లో 180 రోజుల్లో 90 రోజుల వరకు తిరగొచ్చు. అది తిరగడానికిచ్చిన అనుమతి, పనిచేయడానికి ఇచ్చింది కాదు. ‘మా దగ్గర అందరూ ఇలాగే చేస్తారు’ అని హోస్ట్ చెప్పిన మాట అధికారి ముందు ఎందుకూ పనికిరాదు. చదువే పోగొట్టుకోగల విషయం కాబట్టి యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసుని అడిగాకే ఒప్పుకోండి.

ఒకరి ఇంట్లో దిగితే అక్కడి ప్రభుత్వానికి చెప్పాలా?

కొన్ని దేశాల్లో చెప్పాలి. హోటల్ అయితే వాళ్ళే నమోదు చేస్తారు కాబట్టి మనకి తెలియదు. చైనాలో ఎవరింట్లోనైనా దిగితే 24 గంటల్లో పోలీసుల దగ్గర నమోదు చేసుకోవాలి. ఇటలీలో అయితే యూరోపియన్ యూనియన్ బయటి వాళ్ళని ఇంట్లో ఉంచుకున్న యజమాని 48 గంటల్లో తెలియజేయాలి. వెళ్ళే దేశం నియమం చూసుకుని హోస్ట్‌తో ముందే మాట్లాడండి. మనకి చోటిచ్చిన పాపానికి వాళ్ళకి జరిమానా పడకూడదు కదా.

## దారిలో

తెలియనివాళ్ళని సాయం అడగాలంటే నోరు పెగలట్లేదు. నేనొక్కదాన్నే ఇలాగా?

1970లలో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన విద్యార్థుల్ని న్యూయార్క్ సబ్‌వేలోకి పంపి ‘మీ సీటు నాకిస్తారా?’ అని అడగమన్నాడు, ఏ కారణమూ చెప్పకుండా. 68 శాతం మంది లేచారు, లేదా జరిగి చోటిచ్చారు. అసలు విశేషం అడిగినవాళ్ళ పరిస్థితి. మిల్‌గ్రామ్ తానే అడగబోతే మాట గొంతులో ఇరుక్కుపోయిందట. తీరా సీటు దొరికాక, అడిగినందుకు న్యాయంగా ఉండాలని ఒంట్లో బాగోలేనట్టు తలవంచుకు కూర్చున్నాడట! అంత పెద్ద ప్రొఫెసర్‌కే అన్ని పాట్లు.

2008లో ఫ్రాన్సిస్ ఫ్లిన్, వెనెస్సా లేక్ వేరే విధంగా పరీక్షించారు. ‘ఫోన్ ఒకసారి ఇస్తారా’ లాంటి చిన్న సాయాలకి ఎంతమందిని అడగాల్సి వస్తుందో ముందు ఊహించమని, తర్వాత నిజంగా వెళ్ళి అడగమన్నారు. ఊహించినదానికన్నా చాలా తక్కువమందితోనే పనైపోయింది. అవతలివాళ్ళు కాదంటారేమోనన్నది మన లెక్క. కాదనడం వాళ్ళకెంత ఇబ్బందో ఆ లెక్కలో వేసుకోం.

అందుకే చిన్నగా, సూటిగా అడగండి. ‘నాకు సాయం చేస్తారా?’ అంటే ఎంత పెద్ద గోతిలోకి లాగుతున్నారో అని భయపడతారు. ‘ఈ బస్సు రేవుకి వెళ్తుందా?’ అంటే చేతిలో పని ఆపి చెప్తారు.

గుంపులో ఎవరిని అడగాలి?

తొందరలో లేని ఒక్కరిని. 1973లో డార్లీ, బాట్సన్ అనేవాళ్ళు ప్రిన్స్‌టన్‌లో మతబోధకులు కాబోయే విద్యార్థుల మీద ప్రయోగం చేశారు. దారి పక్కన ఒకతను మూలుగుతూ పడి ఉంటాడు. సమయం చేతిలో ఉన్నవాళ్ళలో 63 శాతం మంది ఆగారు, ఆలస్యమైపోయిందనుకున్నవాళ్ళలో 10 శాతమే. వాళ్ళలో కొందరు వెళ్తున్నది దారిలో పడినవాడిని ఆదుకున్న మంచి సమరయుని కథ మీద మాట్లాడటానికి! మనసు మంచిదా కాదా అన్నదానికన్నా గడియారమే ఎక్కువ నిర్ణయించిందన్నమాట.

ఒకసారి కొండల్లో చిన్న స్టేషన్లో నాకు ఆఖరి రైలు తప్పిపోయింది. దిగినవాళ్ళందరి చేతుల్లోనూ కారు తాళాలు, అందరూ గబగబా బయటికి. ‘ఇక్కడ దగ్గర్లో ఎక్కడైనా గది...’ అని గాల్లోకి అన్నాను, ఒక్కరికీ తగల్లేదు. నేల తుడుస్తున్న ఒకావిడ మిగిలింది. దగ్గరికెళ్ళి గోడ మీది టైంటేబుల్ చూపించి, రెండు చేతులూ చెంప కింద పెట్టి పడుకున్నట్టు సైగ చేశాను. ఆవిడ తుడుపుకర్ర బకెట్లో నిలబెట్టి, రబ్బరు తొడుగు ఒక్క చేతిది మాత్రం ఊడదీసి, ఎవరికో ఫోన్ చేసింది. పావుగంటలో గదులు అద్దెకిచ్చే ఒకాయన వచ్చాడు. గదికి డబ్బు కట్టాను, ఎవరూ ఉచితంగా ఇవ్వలేదు. నాకందిన సాయం ఆ ఒక్క ఫోన్ కాలే. రెండో చేతి తొడుగు ఆవిడ చివరిదాకా తీయలేదు, ఇంకా సగం హాలు తుడవాల్సి ఉంది మరి.

వాళ్ళంతట వాళ్ళే వచ్చి సాయం చేస్తామంటే నమ్మొచ్చా?

మీరు ఎంచుకున్న మనిషి వేరు, మిమ్మల్ని ఎంచుకున్న మనిషి వేరు. వందమందిలో మీరు ఒకరిని ఎంచుకుంటే ఆ ఒక్కరూ దొంగ అయ్యే అవకాశం తక్కువ. దొంగ మాత్రం వెతుక్కుంటూ మీ దగ్గరికే వస్తాడు. అలాగని పలకరించినవాళ్ళందరినీ అనుమానించక్కర్లేదు. మ్యాపు తిరగేస్తుంటే ఆగి దారి చెప్పేవాళ్ళే ఎక్కువ. డబ్బు, కార్డు, సామాను జోలికి వస్తేనే జాగ్రత్త. టికెట్టు మిషన్ దగ్గర మీ బదులు బటన్లు నొక్కేవాడు, చేతికి దారం కట్టేసి డబ్బడిగేవాడు, సంతకం పెట్టమని అట్ట మొహం మీద పెట్టేవాళ్ళు పర్యాటకులు తిరిగే ఊళ్ళలో మామూలే. బీజింగ్, షాంఘైలలో ‘ఇంగ్లీషు మాట్లాడటం నేర్చుకుంటాం’ అంటూ టీ దుకాణానికి తీసుకెళ్ళి కళ్ళు తిరిగే బిల్లు చేతిలో పెట్టడం పాత మోసం. ఎవరైనా ‘ఇప్పుడే, త్వరగా’ అని తొందర పెడితే అక్కడే ఆగిపోండి.

లిఫ్ట్ అడిగి వెళ్ళడం తప్పా?

దేశాన్ని బట్టి ఉంటుంది. జర్మనీలో ఆటోబాన్ మీద నడవడమే నిషేధం కాబట్టి రోడ్డు పక్కన చెయ్యి చాపి నిలబడకూడదు. సర్వీస్ స్టేషన్లో ఆగిన కార్లవాళ్ళని అడగొచ్చు. నెదర్లాండ్స్‌లో కొన్ని ఊళ్ళలో లిఫ్ట్ కోసం నిలబడే చోటికి బోర్డే ఉంటుంది. పెట్రోల్ బంకులో అడగడం నాకెప్పుడూ నయమనిపించేది. కారులో ఎవరెవరున్నారో చూసి, రెండు మాటలు మాట్లాడి, అప్పుడు ఎక్కొచ్చు. ఎక్కేముందు నంబరు ప్లేటు ఫోటో తీసి డ్రైవర్ ముందే స్నేహితులకి పంపండి. పాస్‌పోర్టు, ఫోన్ ఒంటిమీదే ఉండాలి, డిక్కీలో పెట్టే సంచిలో కాదు. తాగిన వాసన వస్తే ఎక్కకండి. చీకటి పడ్డాక అసలు వద్దు. కొంచెం డబ్బు పెట్టగలిగితే ఫ్రాన్స్‌లో 2006లో మొదలైన బ్లాబ్లాకార్ లాంటివాటిలో ఇంధనం ఖర్చు పంచుకుని వెళ్ళొచ్చు.

వాళ్ళ భాష ముక్క రాదు. ఎలా?

వెళ్ళాల్సిన చిరునామా వాళ్ళ లిపిలోనే కాగితం మీద రాయించుకోండి, ఫోన్ చార్జింగ్ అయిపోయినా కాగితం ఉంటుంది. అనువాదం యాప్‌లో ఆ భాష ముందే దించి పెట్టుకోండి. నమస్కారం, క్షమించండి, ధన్యవాదాలు మాత్రం నోటితోనే అనడం నేర్చుకోండి. ఎంత తప్పుగా పలికితే అంత బాగా నవ్వుతారు.

రైల్లో పరిచయమైన పెద్దావిడ చిన్న పార్సెల్ సరిహద్దు దాటించమంది. ఆవిడ నాకు చాలా సాయం చేసింది. కాదనడం ఎలా?

కాదనండి. సంచి ఎవరి చేతిలో దొరికితే వాళ్ళదే బాధ్యత. లోపలేముందో నాకు తెలియదని నిరూపించుకునేసరికి ఏళ్ళు పట్టొచ్చు. ‘మా యూనివర్సిటీ ఒప్పుకోదు’ అని అబద్ధమాడినా పాపం లేదు.

## ఒకరి ఇంట్లో

ఏం పట్టుకెళ్ళాలి? పోయేటప్పుడు డబ్బు చేతిలో పెడితే తప్పా?

ఆతిథ్య వేదికల్లో హోస్ట్ డబ్బు తీసుకోకూడదు. మీరు పెడితే ఇబ్బంది పడతారు. మీ దేశం నుంచి తెచ్చిన తేలికైన చిన్న వస్తువు చాలు. ఒక పూట వంట చేసి పెట్టండి, లేదా ఇంటికి కావలసిన సరుకులు కొనండి. స్పెయిన్‌లో సాంతియాగో యాత్ర దారిలో ‘డొనాతివో’ అని బోర్డున్న బసల సంగతి వేరు. ధర ఉండదు, డబ్బా ఉంటుంది. ఉచితమనుకుని చేతులూపుకుంటూ వెళ్ళిపోయే విద్యార్థుల మీద అక్కడివాళ్ళకి మంటగా ఉంటుంది. రేపు వచ్చేవాళ్ళ భోజనం ఈరోజు మీరు వేసిన డబ్బుతోనే.

అతిథిగా ఎలా మసలుకోవాలి? ఏం తప్పులు చేస్తుంటారు?

నేను చేసింది చెప్తాను. ఒక ఇంట్లో ఫ్రిజ్ మీద చీటీ అంటించి ఉంది: ‘వేడినీళ్ళ స్విచ్ ఎర్రది. ఒక్కరు పది నిమిషాలు.’ చదివాను, నవ్వుకున్నాను, మూడు రోజుల దుమ్ము వదిలేదాకా స్నానం చేశాను. మర్నాడు పొద్దున ఆ ఇంటి పిల్లవాడు చన్నీళ్ళకి కెవ్వుమన్న కేక గోడకివతల నాకు వినబడింది. వాళ్ళమ్మ నాతో ఏమీ అనలేదు. ఆ సాయంత్రానికి చీటీలో ‘పది నిమిషాలు’ కింద గీత పడింది.

వాళ్ళ ఇల్లు వాళ్ళ దినచర్య మీద నడుస్తుంది, మన సెలవుల మీద కాదు. ఎన్నింటికి పడుకుంటారు, తాళం ఎలా, చెప్పులు ఎక్కడ, చెత్త ఏది ఎందులో: ఈ నాలుగూ మొదటి గంటలోనే అడిగేయండి. ఆలస్యమైతే ముందే చెప్పండి. పగలంతా బయట తిరిగి రాత్రి పడుకోవడానికే వచ్చేవాళ్ళని హోటల్ చేసుకున్నారంటారు. ఒక సాయంత్రమైనా వాళ్ళతో కూర్చుని మాట్లాడండి, చాలామంది పిలిచేదే అందుకు.

వాళ్ళు పెట్టింది తినలేకపోతే? తాగమని బలవంతం చేస్తే?

తినని వాటి సంగతి వెళ్ళకముందే రాయండి, బల్ల ముందు కూర్చున్నాక కాదు. తాగడానికి ‘వద్దండీ, అలవాటు లేదు’ ఒక్కసారి చాలు, కారణాలు చెప్పకండి. కారణం చెప్తే వాదించే అవకాశం ఇచ్చినట్టే.

గుమ్మంలోకి రాగానే ఏదో తేడాగా అనిపించింది. వెనక్కి తిరిగిపోతే బాగోదేమో?

బాగోకపోతే పోనీ. ‘ఫ్రెండ్ ఫోన్ చేసింది, వెళ్ళాలి’ అనేసి బయటికి రండి. ప్రొఫైల్లో చెప్పిన గది, అక్కడ చూపించిన గది వేరైనా, చెప్పని మనుషులు ఇంట్లో ఉన్నా, మీ పాస్‌పోర్టు దాచిపెడతానన్నా ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. మర్యాద పోతుందని ఉండిపోయిన రాత్రి ఒకటి నాకుంది. ఏమీ జరగలేదు గానీ, తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నాను.

## తేడా వచ్చినప్పుడు

అందరూ కాదంటున్నారు. నా పేరూ రంగూ చూసేనా?

కొన్నిసార్లు అదే కావచ్చు, మీ ఊహే అని తోసిపారేయను. డబ్బు కట్టి ఉండే ఎయిర్‌బీఎన్‌బీ మీద 2017లో వచ్చిన అధ్యయనంలో, మిగతావన్నీ ఒకేలా ఉన్నా, నల్లజాతివారివిగా అనిపించే పేర్లతో అడిగినప్పుడు ఒప్పుకునే అవకాశం సుమారు 16 శాతం తగ్గింది. ఉచితంగా ఇచ్చేచోట ఆ జబ్బు లేదనుకోలేం. ఇందులో మీ లోపం వెతుక్కోకండి. మీ కాలేజీ స్నేహితుల చేత రెండు మూడు రివ్యూలు రాయించుకోండి, పరిచయస్తుల ద్వారా అడగండి. అప్పటికీ కుదరకపోతే హాస్టల్‌కి డబ్బు కట్టేసి హాయిగా పడుకోండి.

పర్సూ పాస్‌పోర్టూ పోయాయి. ఎవరిని పట్టుకోవాలి?

కార్డులు ఆపించండి, పోలీసుల దగ్గర కాగితం తీసుకోండి, మీ దేశ కాన్సులేట్‌కి వెళ్ళండి. అత్యవసర ప్రయాణ పత్రం ఇచ్చేది వాళ్ళే. అపరిచితుల్ని అడగాల్సింది ఫోన్, దారి, భాషలో సాయం, అంతే. ఒకవేళ మిమ్మల్నే నిర్బంధిస్తే, కాన్సులేట్‌కి తెలియజేయమని అడిగే హక్కు 1963 వియన్నా ఒప్పందం 36వ అధికరణం కింద ఉంది.

పర్సు దొరకదనీ అనుకోకండి. 2019లో వచ్చిన ఒక అధ్యయనంలో 40 దేశాల్లో 17,303 పర్సులు ‘దొరికాయి’ అని కౌంటర్లలో అప్పగించి చూశారు. డబ్బులేని పర్సుల్లో 40 శాతం సొంతదారుకి చేరేందుకు కబురొస్తే, డబ్బున్నవాటిలో 51 శాతానికి వచ్చింది. పర్సులో ఈమెయిల్ రాసిన చీటీ ఒకటి పెట్టుకోండి.

హోస్ట్ అసభ్యంగా ప్రవర్తించాడు. బయటపడ్డాను గానీ, రివ్యూ రాస్తే గొడవవుతుందేమో?

ముందు సురక్షితమైన చోటికి చేరి, నమ్మకమైనవాళ్ళకి ఫోన్ చేయండి. యూరోపియన్ యూనియన్‌లో ఎక్కడైనా అత్యవసర నంబరు 112, ఉచితం. అమెరికాలో 911, బ్రిటన్‌లో 999. మెసేజ్‌లు చెరిపేయకండి. వేదికకి ఫిర్యాదు చేయండి, రివ్యూ రాయండి: ఏం జరిగిందో అంతవరకే, తిట్లు లేకుండా. మీకు ముందు వచ్చిన అమ్మాయి మొహమాటపడి ‘మంచి హోస్ట్’ అని రాయబట్టే మీరు ఆ ఇంటికి వెళ్ళారేమో.

## తిరిగొచ్చాక

ఇంత చేశారు. ఈ ఋణం ఎలా తీర్చుకోను?

చేరగానే ఒక మెసేజ్. వారంలో చేత్తో రాసిన కార్డు, మీరు తీసిన వాళ్ళ ఫోటో వెనకాల రాస్తే ఇంకా మంచిది. ప్రతి పండక్కీ శుభాకాంక్షలు పంపాలని పెట్టుకోకండి, రెండో ఏటికి అది ఇద్దరికీ భారమే.

నేనూ ఎవరికైనా చోటివ్వాలనుంది. కానీ నాది యూనివర్సిటీ హాస్టల్ గది.

ముందు హాస్టల్ నియమాలు చదవండి. అతిథులు ఎన్ని రాత్రులు ఉండొచ్చో, పేరు నమోదు చేయించాలో లేదో చాలాచోట్ల రాసే ఉంటుంది. అద్దె ఇల్లయితే ఒప్పందపత్రంలో చూడండి. గదిలో ఉండేది ఇద్దరైతే రెండోవాళ్ళ మాట నియమాలకన్నా ముఖ్యం. ఉండనివ్వడం కుదరకపోతే స్టేషన్‌కి వెళ్ళి తీసుకురండి, పెట్టె ఒక పగలు మీ గదిలో పెట్టుకోనివ్వండి, ఏ బస్సు ఎక్కాలో చెప్పండి. కొత్త ఊళ్ళో దిగిన మొదటి గంటలో చాలామందికి కావలసింది అదే.